మీ వీధి వారంతా కలిసి ఒక మట్టి శిల్పాల గోడ చేయడం ఎలా?

‘మా అపార్ట్‌మెంట్‌లో అందరం కలిసి ఒక శిల్పం చేయాలని ఉంది. కానీ ఎవరికీ బొమ్మలు చేయడం రాదు. ఎక్కడ మొదలుపెట్టాలి?’ విజయవాడ నుంచి, గుంటూరు నుంచి ఈ ప్రశ్న అడిగేవారు ఎక్కువయ్యారు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పేకంటే పద్ధతి మొత్తం ఒకచోట రాయడం నయం.

అందరూ కలిసి ఒకే పెద్ద విగ్రహం చేయాలని మాత్రం అనుకోకండి. అలా మొదలైన పని రెండో రోజుకల్లా చేయి తిరిగిన ఒకరిద్దరి పని అయిపోతుంది. మిగిలినవారు నీళ్లు అందిస్తూ, ఫొటోలు తీస్తూ ఉండిపోతారు. దానికి బదులు ఒక్కొక్కరు ఒక్కో చిన్న మట్టి ఫలకం మీద ఉబ్బెత్తు శిల్పం చేయాలి. అన్నింటినీ కాల్చి, ఒకే గోడకు పక్కపక్కన అతికించాలి. కొలత అందరిదీ ఒకటే, విషయం ఎవరిది వారిది. ఈ ఒక్క నియమం తప్పకపోతే మిగతా పొరపాట్లు సర్దుకోవచ్చు.

ఈ పద్ధతి మన ప్రాంతానికి కొత్తదేమీ కాదు. అమరావతి స్తూపం ఏ ఒక్కరి సొమ్ముతోనో పూర్తయింది కాదు. భిక్షువులు, భిక్షుణులు, వర్తకులు, గృహస్థులు తలా ఒక రాతిని సమర్పించి పేర్లు చెక్కించుకున్నారు. విధికుడనే చర్మకారుడు తన తల్లి, భార్య, అన్నదమ్ములతో కలిసి పూర్ణఘటం (నిండు కలశం) ఉన్న ఫలకాన్ని ఇచ్చినట్టు శాసనమే ఉంది. మీ వాచ్‌మన్ కుటుంబం, ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లు, ఇస్త్రీ బండి ఆయన ఈ గోడ మీద ఉండాలా అని ఎవరైనా అడిగితే ఈ సంగతి చెప్పండి.

కావలసినవి (ఇరవై మందికి)

- కుమ్మరి మట్టి: 70 కిలోలు. ఒక్కో ఫలకానికి సుమారు 3 కిలోలు పడుతుంది, మిగిలింది అదనపు ఫలకాలకు.
- పాత పెంకులో, ఇటుకలో దంచి జల్లించిన పొడి: మట్టి ఐదు పాళ్లకు ఒక పాలు.
- 2 సెంటీమీటర్ల మందం ఉన్న చెక్క బద్దలు: నాలుగైదు జతలు.
- అప్పడాల కర్రలు, లేదా రెండడుగుల ప్లాస్టిక్ పైపు ముక్కలు.
- 25 సెంటీమీటర్ల చదరంగా కత్తిరించిన అట్ట ముక్క: కొలతకు.
- పాత నూలు పంచెలు, చీరలు: మట్టి కింద పరచడానికి. పాలిథిన్ షీట్లు: కప్పడానికి.
- పాత చెంచాలు, ఫోర్కులు, దువ్వెన ముక్కలు, వెదురు పుల్లలు, కోయడానికి సన్నని తీగ.
- మూడు బకెట్లు, తడిగుడ్డలు.

శిల్పుల పనిముట్లు కొనాల్సిన పని లేదు. వెదురు పుల్లను ఒకవైపు చెక్కి నునుపు చేసుకుంటే ముప్పావు వంతు పని దానితోనే అవుతుంది.

కాలం విషయానికి వస్తే, దీపావళి వెళ్లాక మొదలుపెట్టి సంక్రాంతి తర్వాత గోడకు ఎక్కించేలా చూసుకోండి. మన ఎండాకాలంలో ఫలకాల అంచులు నడిమి భాగం కంటే చాలా ముందే ఎండి పైకి లేస్తాయి. వానాకాలంలో ఎంతకీ ఆరవు.

1. ముందు గోడ, తర్వాత మట్టి

గోడ దొరకకుండా మట్టి తెచ్చారంటే ఫలకాలు ఎవరింటి అటకల మీదికో చేరతాయి. సెల్లార్ గోడ, మెట్ల దగ్గర గోడ, ప్రహరీ లోపలి వైపు ఏదైనా సరే. చెమ్మ ఊరే గోడ, అవతల స్నానాలగది ఉన్న గోడ మాత్రం పనికిరావు. కొద్ది నెలల్లోనే ఫలకాల మీద తెల్లగా ఉప్పు పూస్తుంది. సంఘం అనుమతి కాగితం మీద తీసుకోండి. కార్యవర్గం మారినప్పుడల్లా గొడవ మళ్లీ మొదటికి రాకుండా ఉంటుంది.

ఎంత చోటు కావాలి? మట్టి ఆరి, కాలేసరికి 25 సెంటీమీటర్ల ఫలకం సుమారు 23 సెంటీమీటర్లవుతుంది. సందుకు ఒక సెంటీమీటరు వేసుకుంటే, వరుసకు ఐదు చొప్పున నాలుగు వరుసలకు 120 సెంటీమీటర్ల వెడల్పు, 96 సెంటీమీటర్ల ఎత్తు. మొత్తం బరువు 40 కిలోలు దాటుతుంది. జిప్సం బోర్డు గోడ ఆ బరువు మోయలేదు.

2. మట్టిని పరీక్షించండి

కుండలు చేసేవారి దగ్గర నానబెట్టి తొక్కిన మట్టి కొనడం అన్నిటికంటే సులువు. ఫలకాలు కాల్చడం గురించి కూడా వాళ్లను అప్పుడే అడిగి మాట తీసుకోండి.

పొలంలో తవ్వుకొచ్చిన నల్లరేగడి వాడకండి. గుంటూరు వైపు అది సులభంగా దొరుకుతుంది కాబట్టి చాలామంది దానితోనే మొదలుపెడతారు. ఆరేటప్పుడు విపరీతంగా కుదించుకుపోయి నెర్రెలిస్తుంది. పైగా అందులో సున్నపు గుళ్లుంటాయి. అవి కాలాక గాలిలో తేమ పీల్చి ఉబ్బుతాయి. బాగానే ఉందనుకున్న ఫలకం మీద వారం తర్వాత పెచ్చులు ఊడతాయి. వినాయక నిమజ్జనం తర్వాత పోగుచేసిన మట్టి కూడా వద్దు. అందులో ప్లాస్టర్ ముక్కలు కలిసి ఉంటే ఇదే తంటా.

పరీక్ష ఇలా: పెన్సిలంత లావు కాడ చేసి వేలికి చుట్టండి. పగలకుండా చుట్టుకుంటే మంచి మట్టి. తర్వాత చిన్న పట్టీ చేసి, దాని మీద సరిగ్గా 10 సెంటీమీటర్ల గీత గీసి ఆరబెట్టండి. ఆరాక గీత 9 సెంటీమీటర్లకు తగ్గకుండా ఉండాలి. తగ్గితే పెంకు పొడి ఇంకాస్త కలపండి.

పొడి కలిపాక మట్టి చపాతీ పిండంత మెత్తగా, చేతికి అంటకుండా ఉండాలి. గాలి బుడగలు పోయేదాకా బాగా పిసికి, తడిగుడ్డ చుట్టి, పాలిథిన్ కప్పి, కనీసం రెండు రోజులు పక్కన పెట్టండి.

3. విషయం ఎవరిది వారే ఎంచుకోవాలి

అన్నిటికంటే కష్టమైనది ఇదే. ‘మీకు నచ్చింది చేయండి’ అని వదిలేస్తే విజయవాడలో సగం మంది ప్రకాశం బ్యారేజీ చేస్తారు. మిగిలిన సగం నెమలి, తామరపువ్వు, సూర్యోదయం. వాళ్ల తప్పేమీ లేదు, తడుముకోగానే చేతికి దొరికేవి అవే. కాబట్టి పని మొదలుపెట్టే ముందు రోజు అందరినీ కూర్చోబెట్టి కిందివాటిలో ఒక్క ప్రశ్న అడగండి.

- మీ ఇంట్లో ఎవరూ పారేయనివ్వని పాత వస్తువు ఏది?
- మీ చేతులు రోజూ చేసే పని ఏది?
- మీరు వదిలి వచ్చిన ఊళ్లో ఇప్పటికీ దారి మరచిపోని చోటు ఏది?

జవాబు వచ్చాక దాన్ని కాగితం మీద బొమ్మ వేయమనకండి. ‘నాకు బొమ్మలు రావు’ అన్న మాట అక్కడే మొదలవుతుంది. రెండు ముక్కల్లో రాయమనండి, చాలు. ‘మామ్మ వాడిన కవ్వం’, ‘మిర్చి యార్డులో నాన్న మోసిన బస్తా’, ‘రైలు కిటికీ చువ్వలు’. అంత కచ్చితంగా ఉంటే చేతికి దారి దొరుకుతుంది. ‘స్నేహం’, ‘ఐక్యత’ అని రాసినవారిని మాత్రం ఇంకో ప్రశ్న అడగండి: ఎవరి స్నేహం, ఎక్కడ కూర్చుని మాట్లాడుకునేవారు? ఆ అరుగునో, టీ బల్లనో చేయమనండి.

దేవుళ్ల బొమ్మల గురించి కూడా ఇప్పుడే తేల్చుకోవాలి. ఒక ఫలకం మీద దేవుడి రూపం ఉంటే అది కింది వరుసలో ఉండకూడదంటారు, పగిలితే అపశకునమంటారు, పక్కింటివారి మతం వేరైతే ఇబ్బంది పడతారు. నా సలహా: దేవుడిని కాకుండా పూజ గదిలో ఉండే వస్తువును చేయమనండి. గంట, దీపపు సెమ్మె, జపమాల, కొవ్వొత్తి స్టాండు. ఇందులో ఎవరికీ అభ్యంతరం ఉండదు, శిల్పానికి కూడా అవి బాగా కుదురుతాయి.

వీలైతే అంతకుముందు ఆదివారం అందరూ కలిసి విజయవాడ బందరు రోడ్డులోని బాపు మ్యూజియానికో, అమరావతిలోని మ్యూజియానికో వెళ్లి రండి. అక్కడి రాతి ఫలకాలను ముందునుంచి కాకుండా పక్కనుంచి చూడమనండి. ఎంత తక్కువ లోతులో ఎంతమంది మనుషులు ఇమిడారో తెలుస్తుంది. బుద్ధుడి మీదికి వదిలిన నాలాగిరి అనే మదపుటేనుగు కథ చెక్కిన గుండ్రటి అమరావతి ఫలకంలో ఏనుగు రెండుసార్లు కనిపిస్తుంది: ఒకవైపు మదమెక్కి మనుషుల్ని తొక్కుతూ, ఇంకోవైపు బుద్ధుడి ముందు మోకరిల్లి. ఆ ఫలకం ఇప్పుడు చెన్నై ప్రభుత్వ మ్యూజియంలో ఉంది, ఫొటోలో చూపినా చాలు. ఒకే ఫలకంలో రెండు క్షణాలు పెట్టవచ్చని పిల్లలు వెంటనే పట్టుకుంటారు. పెద్దలకు కాస్త సమయం పడుతుంది.

4. ఫలకం పరచడం

నేల మీద పంచె పరిచి, రెండు బద్దలు 28 సెంటీమీటర్ల దూరంలో పెట్టండి. మధ్యలో మట్టి వేసి ముందు అరచేతితో తట్టండి, తర్వాత కర్ర రెండు చివరలూ బద్దల మీద ఆనేలా దొర్లించండి. మందం తనంతట తానే సమంగా వస్తుంది. మధ్యలో ఒకసారి ఫలకాన్ని తిరగేసి రెండోవైపు కూడా దొర్లించాలి. ఒకవైపే దొర్లిస్తే ఆరేటప్పుడు వంగుతుంది. అట్ట కొలత పెట్టి అంచులు కోసేయండి.

వెంటనే వెనకవైపు పేరు గీయాలి. ‘తర్వాత రాద్దాం’ అనుకున్నవి కుండలు కాల్చే ఆవంలోంచి బయటికొచ్చాక ఎవరివో తెలియవు. అక్కడే ఫోర్కుతో అడ్డంగా నిలువుగా గాట్లు పెట్టండి. గోడకు పట్టు వాటివల్లే వస్తుంది.

5. బొమ్మ చేయడం

రెండు దారులున్నాయి. ఫలకం మీద మట్టి అతికించి పైకి తేవడం, లేదా చుట్టూ తవ్వి బొమ్మను మిగల్చడం. కొత్తవారికి మొదటిదే నయం.

అతికించే ప్రతిచోటా రెండు ముఖాల మీదా గాట్లు పెట్టి, నీళ్లలో కలిపిన చిక్కటి మట్టి రాసి, నొక్కి, అటూ ఇటూ కొంచెం కదిపి, చుట్టూ పుల్లతో దిద్దాలి. చెంచాతో తీస్తే జారకుండా నిలిచేంత చిక్కగా ఉండాలి ఆ మట్టి. గాట్లు పెట్టకుండా ఉత్త నీళ్లతో అతికించిన ముక్క ఆరేటప్పుడే ఊడి వస్తుంది. ఈ ఒక్క తప్పే మొత్తం పనిలో ఎక్కువ నష్టం చేస్తుంది.

హద్దులు మూడు: బొమ్మ ఫలకం మీద 3 సెంటీమీటర్లకు మించి లేవకూడదు. అంచు దాటి బయటికి రాకూడదు. గాలిలో నిలబడే సన్నని చెవులు, కర్రలు, తోకలు వద్దు, వాటిని నేపథ్యానికి ఆనించేయాలి. బాగా లావుగా వచ్చిన చోట, ఫలకం కాస్త గట్టిపడ్డాక, వెనకనుంచి చెంచాతో తవ్వి ఆ మందాన్ని 2 సెంటీమీటర్లకు దింపాలి.

చేతులు మాటిమాటికీ నీళ్లలో ముంచకండి. నునుపు చేస్తున్నాననుకుంటూ పైపొరను బురద చేస్తారు. అది ఆరాక సన్నని బీటలుగా తేలుతుంది. తడిపి పిండిన గుడ్డ ఒకటి పక్కన ఉంటే చాలు.

ఇక నిర్వహించే మీకు హెచ్చరిక. మీ చేయి ఎవరి ఫలకం మీదా పడకూడదు. ‘ముక్కు కొంచెం సరిచేస్తాను’ అని మీరు ముట్టుకున్న క్షణం నుంచి అది వాళ్లది కాదు, ఆ తర్వాత ప్రతిదీ మిమ్మల్నే అడుగుతారు. చూపించాల్సి వస్తే పక్కన వేరే ముద్ద మీద చూపించి, దాన్ని వెంటనే కలిపేయండి. తల్లిదండ్రులు పిల్లల ఫలకాల దగ్గరికి రాకుండా వాళ్లకూ తలా ఒక ఫలకం ఇవ్వడమే ఉపాయం. చేతులు ఖాళీగా లేకపోతే దిద్దడానికి రారు. బొమ్మల్లో ప్రవేశం ఉన్నవారిని ఒకేచోట కూర్చోనివ్వకండి. వాళ్ల చుట్టూ గుంపు చేరితే మిగిలినవారికి తమ ఫలకం నచ్చడం మానేస్తుంది. దశాబ్దాలుగా ముగ్గులు వేసి, అరిసెలు వత్తిన పెద్దవాళ్ల చేతుల్లో ఉన్న ఒడుపు వాళ్లకే తెలియదు. ‘నాకెందుకమ్మా’ అన్నవారినే ముందు కూర్చోబెట్టండి.

చేతులు, పనిముట్లు కడగడం సింకులో వద్దు. మట్టి పైపులో పేరుకుంటే సంఘం సమావేశంలో శిల్పకళ గురించి ఇంకెవరూ మాట్లాడరు. మూడు బకెట్లలో వరుసగా కడుక్కుని, అడుగున పేరుకున్న మట్టిని మళ్లీ వాడుకోండి. నేలను చీపురుతో ఊడవకుండా తడిగుడ్డతో తుడవండి. ఆ దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు.

6. ఆరబెట్టడం

ఓపిక కావలసింది ఇక్కడే. ఫలకాలను నేరుగా సిమెంటు నేల మీద గాని, నులక మంచం మీద గాని పెట్టకండి. సమంగా ఉన్న చెక్కల మీద పాత న్యూస్‌పేపర్లు పరిచి పెట్టండి. ఎండ, ఫ్యాను రెండూ వద్దు. మొదటి మూడు రోజులు పూర్తిగా పాలిథిన్ కప్పండి. నాలుగో రోజు నుంచి నడిమి భాగాన్ని తెరిచి, అంచుల మీద మాత్రం కప్పి ఉంచండి. గోరుతో గీస్తే గీత పడుతూ, వేలితో నొక్కితే గుంట పడని దశకు వచ్చాక రోజుకోసారి తిరగేయవచ్చు. మొత్తం పది పదిహేను రోజులు పడుతుంది.

ఆరిందో లేదో కళ్లతో చెప్పలేం. చెంపకు ఆనించి చూడండి. చల్లగా తగిలితే లోపల ఇంకా నీరుంది. ఇంకా గట్టి పరీక్ష కావాలంటే, అన్నిటికంటే మందమైన ఫలకాన్ని రోజూ వంటింటి తూకం మీద పెట్టండి. మూడు రోజులు వరుసగా బరువు తగ్గకపోతే ఆరినట్టే.

ఈ దశలో వచ్చిన బీటలకు తడి మట్టి పూయకండి. ఆ మట్టి విడిగా కుదించుకుపోయి మళ్లీ అక్కడే విడుతుంది. చిన్న బీటలను అలాగే కాల్చేయండి.

7. కాల్చడం

కుమ్మరి ఆవంలో వేయించడమే మన దగ్గర అందుబాటులో ఉన్న దారి. కుండల గోడ పల్చన, మీ ఫలకాలు మందం. కాబట్టి మొదట్లో సన్నని సెగ ఎక్కువసేపు ఉంచమని ప్రత్యేకంగా అడగాలి. లోపల తడి మిగిలి ఉండగా మంట పెరిగితే నీరు ఆవిరై ఫలకాన్ని పేలుస్తుంది, పక్కనున్న కుండలూ పోతాయి. ఆ నష్టం ఎవరిదన్నది ముందే మాట్లాడుకోండి. ఫలకాలను పడుకోబెట్టకుండా అంచు మీద నిలబెట్టి సర్దమనండి. ఎక్కడ పెట్టాలో కుమ్మరికే బాగా తెలుసు, ఆపైన జోక్యం చేసుకోకండి. ఆయనకూ ఒక ఫలకం ఇచ్చి తన వంతు చేయమంటే ఇంకా మంచిది.

ఒకటో రెండో పగలడం మామూలే. అందుకే రెండు మూడు ఫలకాలు అదనంగా చేసి ఉంచాలి. పగిలినవాటి ముక్కలు దొరికితే గోడ మీద కలిపి పెట్టండి, అతుకు కనిపించినా నష్టం లేదు.

కాలాక పరీక్షలు రెండు. వేలి కణుపుతో తడితే ఖంగుమనాలి. మొద్దుగా మోగితే లోపల బీట ఉందనో, సరిగా కాలలేదనో అర్థం. ఆ తర్వాత ఒక విరిగిన ముక్కను రాత్రంతా నీళ్లలో వేసి ఉంచండి. తెల్లారి రుద్దితే మట్టి చేతికి వస్తే అన్నింటినీ మళ్లీ కాల్పించాలి.

కాల్చే వీలు లేనివారికి: పాత కాగితాలను నానబెట్టి రుబ్బి, మెంతిపిండి కలిపిన గుజ్జుతో చేయవచ్చు. మన పల్లెల్లో బుట్టలు, చాటలు ఇలాగే చేసేవారు. అట్ట మీద ఉబ్బెత్తు బొమ్మకు ఇది సరిపోతుంది, వాన తగలని గోడకైతేనే. కొండపల్లి బొమ్మల పనివారు చింతగింజల పొడి, రంపపుపొట్టు కలిపి చేసుకునే మక్కు కూడా చెక్క మీద బాగా నిలుస్తుంది. పచ్చి మట్టిని కాల్చకుండా రంగు వేసి గోడకెక్కించడం మాత్రం ఎప్పుడూ వద్దు.

8. గోడకు ఎక్కించడం

ముందు నేల మీద అన్నింటినీ పరచండి. బాగా వచ్చినవాటిని నడుమ, తక్కువ అనిపించినవాటిని మూలల్లో పెట్టాలన్న ఆలోచన ఎవరో ఒకరికి వస్తుంది. ఒప్పుకోకండి. పిల్లలవి పిల్లల కళ్ల ఎత్తున, మిగిలినవి ఎవరి పక్కన ఎవరు కావాలంటే అలా. ఫలకాలు తలో అర సెంటీమీటరు తేడాతో వస్తాయి, సందుల్లో సర్దుకుంటాయి. అమరిక కుదిరాక పైనుంచి ఫొటో తీసి, వెనక సుద్దతో అంకెలు వేయండి.

గోడ మీది రంగును గీకి, ఉలితో గంట్లు కొట్టి, నీళ్లు చల్లాలి. ఫలకాలను ఒక గంట నీళ్లలో నానబెట్టాలి, లేకపోతే సిమెంటులోని నీటిని పీల్చేసి పట్టు రాకుండా చేస్తాయి. కింది వరుసకు ఆసరాగా గోడకు ఒక చెక్క బద్ద కొట్టి, ఒక పాలు సిమెంటు, మూడు పాళ్ల ఇసుక కలిపిన మాలుతో కిందనుంచి పైకి రండి. రోజుకు రెండు వరుసలకు మించి వద్దు, పై బరువుకు కిందివి జారతాయి. చేతి తొడుగులు తప్పనిసరి, తడి సిమెంటు చర్మాన్ని తినేస్తుంది. ముందువైపు పడిన మాలును అప్పటికప్పుడే తుడవాలి. ఎండిందంటే కాల్చిన మట్టి మీదినుంచి పోదు. ఈ పనికి టైల్స్ వేసే మేస్త్రీని ఒక పూట పిలవడం దండగ ఖర్చు కాదు.

వారం తర్వాత ఒక్కో ఫలకాన్ని వేలితో తట్టి చూడండి. డొల్ల చప్పుడు వస్తే దాన్ని తీసి మళ్లీ అతికించాలి. రంగు కావాలంటే జాజు (ఎర్రమట్టి రంగు) పలుచగా పూయండి. ఆయిల్ పెయింటు, వార్నిషు వేస్తే సన్నని గీతలన్నీ పూడుకుపోతాయి. దుమ్ము పడితే మెత్తని బ్రష్‌తో దులపండి. మెట్లు కడిగే యాసిడ్ ఆ గోడ దగ్గరికి రాకుండా చూడమని శుభ్రం చేసేవారికి ఒకసారి చెప్పి ఉంచండి.